పాఠం 11: పసిబిడ్డ నిద్ర

11.1 పరిచయం

కిందటి పాఠంలో అప్పుడే పుట్టిన బిడ్డకు తల్లిపాలు ఎప్పుడు, ఎలా పట్టాలో తెలుసుకున్నారు. పాల తరువాత బిడ్డ ఎదుగుదలకు కావలసింది నిద్ర. తొలి నెలలో బిడ్డ రోజులో సగానికి పైగా నిద్రలోనే గడుపుతుంది. అయినా చాలా ఇళ్లలో వినబడే మాట "మా బిడ్డ రాత్రుళ్లు పడుకోవడం లేదు" అని. కొన్ని ఇళ్లలో ఇందుకు భిన్నంగా, "మా వాడు ఏడుపే ఎరగడు, లేపినా లేవడు, అంత బుద్ధిమంతుడు" అని మురిసిపోతారు. ఈ రెండు మాటల్లో దిగులు పడవలసింది ఏది? చాలామంది మొదటిదే అనుకుంటారు. నిజానికి వెంటనే మేలుకోవలసింది రెండో మాట విన్నప్పుడు. ఎందుకో ఈ పాఠంలో చూద్దాం.

ఈ పాఠంలోని ఉదాహరణలు గీదం ప్రాంతానివి. గీదం ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం దంతెవాడ జిల్లాలో, జగదల్‌పూర్ నుంచి బీజాపూర్ వెళ్లే దారిలో ఉన్న చిన్న పట్టణం. బైలాడీలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చడానికి 1960వ దశకంలో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఈ ఊరి మీదుగానే పోతుంది. ఉద్యోగాల కోసం, వ్యాపారాల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు ఈ మార్గం పొడవునా ఉన్నాయి. గోండీ, హల్బీ, హిందీ మాట్లాడే ఇరుగుపొరుగు మధ్య, పుట్టింటికి దూరంగా పురుడు పోసుకున్న తల్లికి ఒక్కొక్కరు ఒక్కో సలహా చెబుతారు. ఏది పాటించాలి, ఏది వదిలిపెట్టాలి అన్నది ఆమెకు ఎదురయ్యే ప్రశ్న. మీరు ఏ ఊళ్లో ఉన్నా ఈ ప్రశ్న మీకూ ఎదురవుతుంది.

11.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- పసిబిడ్డ నిద్ర పెద్దల నిద్రకు ఎలా భిన్నమో వివరించగలుగుతారు.
- బిడ్డను క్షేమంగా పడుకోబెట్టే పద్ధతి చెప్పగలుగుతారు.
- నిద్రకు హాని చేసే అలవాట్లను గుర్తించగలుగుతారు.
- మామూలు నిద్రకూ, జబ్బు వల్ల కలిగే మగతకూ తేడా తెలుసుకోగలుగుతారు.

11.3 బిడ్డ ఎంతసేపు నిద్రపోతుంది?

తొలి నెలల్లో బిడ్డ 24 గంటల్లో సుమారు 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది. కొందరు బిడ్డలు కొంచెం తక్కువగా, కొందరు కొంచెం ఎక్కువగా పడుకుంటారు. అయితే ఈ నిద్ర ఒక్క విడతలో సాగదు. ఒకటి, రెండు, మూడు గంటల చిన్న చిన్న ముక్కలుగా పగలూ రాత్రీ పరచుకుని ఉంటుంది.

ఇందుకు రెండు కారణాలున్నాయి.

మొదటిది ఆకలి. పసిబిడ్డ పొట్ట చాలా చిన్నది. తల్లిపాలు తేలికగా, త్వరగా అరుగుతాయి. అందువల్ల బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగాలి. రాత్రి లేవకపోతే ఆ లెక్క పూర్తి కాదు. రాత్రి లేచి ఏడ్చే బిడ్డ తల్లిని వేధించడం లేదు, తన పని తాను చేస్తోంది.

రెండవది, బిడ్డకు ఇంకా రాత్రి ఏదో పగలు ఏదో తెలియదు. చీకటి పడగానే మన మెదడులో మెలటోనిన్ అనే పదార్థం ఊరి మనకు నిద్ర తెప్పిస్తుంది. పసిబిడ్డలో ఇది ఒక క్రమంలో ఊరడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా బిడ్డ అర్ధరాత్రి కళ్లు తెరిచి ఆడుకున్నా, మధ్యాహ్నమంతా పడుకున్నా అది జబ్బు కాదు, దిష్టీ కాదు. రాత్రి వేళ వచ్చే తల్లిపాలలో మెలటోనిన్ ఎక్కువగా ఉంటుంది. కాబట్టి రాత్రి పాలు బిడ్డ నిద్రకూ మేలు చేస్తాయి.

11.4 కదిలే నిద్ర, కదలని నిద్ర

నిద్రపోతున్న పసిబిడ్డను ఒక పావుగంట గమనించండి. కనురెప్పల కింద గుడ్లు కదులుతాయి. పెదవులు నవ్వినట్టు, ఏడ్చినట్టు మారుతాయి. చేతులు ఉలిక్కిపడతాయి. ఊపిరి కొంతసేపు వేగంగా, కొంతసేపు నెమ్మదిగా సాగుతుంది. దీనిని కదిలే నిద్ర అందాం. మరికొంతసేపు బిడ్డ ఏ కదలికా లేకుండా, ఒకే తీరుగా ఊపిరి తీస్తూ పడుకుంటుంది. ఇది కదలని నిద్ర. పసిబిడ్డ నిద్రలో ఈ రెండూ ఇంచుమించు సగం సగం. ఒకటి ముగిసి రెండోది ముగియడానికి మొత్తం 50 నుంచి 60 నిమిషాలు పడుతుంది.

మీకు తెలుసా? నిద్రలో కళ్లు కదిలే దశ ఒకటుందని అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ ఏసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ 1953లో ప్రకటించారు. ఏసెరిన్‌స్కీ ఈ పరిశీలనను మొదలుపెట్టింది పసిపిల్లల కళ్లను చూస్తూనే. ఉయ్యాల పక్కన కూర్చున్న ప్రతి అమ్మమ్మా చూసిన దాన్నే ఆయన ఓపికగా లెక్కపెట్టి రాసుకున్నాడు.

ఇది తెలిస్తే మనకేం లాభం? కదిలే నిద్రలో బిడ్డ మూలుగుతుంది, ముఖం చిట్లిస్తుంది. అది మేలుకుందని ఎత్తుకుంటే నిజంగానే మేలుకుంటుంది. కాబట్టి చిన్న శబ్దం చేయగానే ఎత్తుకోకండి. ఒక నిమిషం ఆగి చూడండి. పిడికిలి నోటికి తెచ్చుకుంటూ, తల అటూ ఇటూ తిప్పుతూ పాల కోసం వెతుకుతుంటే అది ఆకలి. ఏడుపు దాకా ఆగకుండా అప్పుడే పాలివ్వండి.

రాత్రి పూట దీపం తగ్గించి, మాటలు తగ్గించి పాలివ్వండి. పగలు కిటికీ తెరిచి, ఇంటి పనుల శబ్దాల మధ్యే బిడ్డను ఉంచండి. జోల పాడండి, ఒళ్లో ఊపండి. రెండు మూడు నెలల్లో రాత్రి నిద్ర ముక్కలు నెమ్మదిగా పెద్దవవుతాయి.

పాఠ్యగత ప్రశ్నలు 11.1
1. పసిబిడ్డ 24 గంటల్లో సుమారు ______ నుంచి ______ గంటలు నిద్రపోతుంది.
2. బిడ్డ రాత్రి పూట లేవడానికి రెండు కారణాలు రాయండి.
3. నిద్రలో బిడ్డ మూలిగితే వెంటనే ఎత్తుకోవాలి. (ఒప్పు / తప్పు)

11.5 క్షేమంగా పడుకోబెట్టడం ఎలా?

(అ) వెల్లకిలా పడుకోబెట్టాలి. పగలైనా రాత్రయినా బిడ్డను వీపు మీదే పడుకోబెట్టండి. బోర్లా పడుకున్న పసిబిడ్డ ముక్కు పరుపులో కూరుకుపోతే తల తిప్పుకోలేదు. ఏ జబ్బూ లేని బిడ్డలు నిద్రలో హఠాత్తుగా చనిపోవడం పాశ్చాత్య దేశాల్లో ఒకప్పుడు ఎక్కువగా ఉండేది. బ్రిటన్‌లో 1991 నుంచి, అమెరికాలో 1994 నుంచి "వెల్లకిలా పడుకోబెట్టండి" అని ఇంటింటా ప్రచారం చేశారు. ఆ తరువాతి సంవత్సరాల్లో అలాంటి మరణాలు సగానికి పైగా తగ్గాయి. "వెల్లకిలా పడుకుంటే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడవా?" అని మీకు సందేహం రావచ్చు. పడవు. వెల్లకిలా ఉన్నప్పుడు గాలి గొట్టం పైన, ఆహార గొట్టం కింద ఉంటాయి. పైకి వచ్చిన పాలను బిడ్డ మింగేస్తుంది. పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు తెప్పించి పడుకోబెడితే సరిపోతుంది.

(ఆ) పడక గట్టిగా ఉండాలి. నేల మీద పరచిన చాప, దాని మీద బిగువుగా పరచిన ఒక దుప్పటి మంచి పడక. కుంగిపోయిన నులక మంచం, మెత్తటి బొంత, దూది పరుపు మంచివి కావు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా వద్దు. బిడ్డ చుట్టూ తలగడలు పేర్చవద్దు.

(ఇ) తల్లికి దగ్గరగా ఉండాలి. ఒకే గదిలో, తల్లి చేతికందే దూరంలో బిడ్డకు వేరే చిన్న పడక వేయడం అన్నిటికన్నా క్షేమం. మన ఇళ్లలో తల్లీబిడ్డా ఒకే చాప మీద పడుకోవడం మామూలు. అలా పడుకుంటే బిడ్డను గోడకూ చాపకూ మధ్య సందులోకి జరగనివ్వకండి. పెద్ద పిల్లలను బిడ్డ పక్కన పడుకోబెట్టకండి. ఇప్పసారా గానీ మరే మద్యం గానీ తాగినవారు, బీడీ, సిగరెట్టు కాల్చేవారు బిడ్డ పక్కన పడుకోకూడదు. మత్తులో ఉన్న మనిషికి తన చేయి ఎక్కడ పడిందో తెలియదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువున్న బిడ్డకు వేరే పడక తప్పనిసరి.

(ఈ) దోమతెర కట్టాలి. బస్తర్ అడవి ప్రాంతంలో మలేరియా పాత శత్రువు. 2020 జనవరిలో బస్తర్ డివిజన్‌లో "మలేరియా రహిత బస్తర్" కార్యక్రమం మొదలై ఇంటింటికీ వెళ్లి రక్త పరీక్షలు చేశారు. ఆ ప్రాంతంలో మందు పూసిన దోమతెరలు పంచారు. తెర పెట్టెలో దాచుకోవడానికి కాదు. బిడ్డ పగలు పడుకున్నా కట్టండి. అంచులు చాప కిందికి దోపండి. తెర గుడ్డ బిడ్డ ముఖానికి తగలకుండా చూడండి. దోమల చుట్ట పొగ కన్నా తెర ఎంతో మేలు.

(ఉ) వెచ్చదనం సరిగ్గా ఉండాలి. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడి రాత్రులు బాగా చల్లగా ఉంటాయి. మనం వేసుకున్న దాని కన్నా బిడ్డకు ఒక్క పొర ఎక్కువ చాలు. వేసవిలో ఆ పొర కూడా అక్కరలేదు. బిడ్డ పొట్ట, మెడ తాకి చూడండి. వెచ్చగా ఉండాలి గానీ చెమట పట్టకూడదు. దుప్పటి చంకల కిందికే ఉండాలి. ముఖం మీదికి రానివ్వకండి. గుడ్డలో చుడితే కాళ్లు మడిచి చాచే వీలుండేలా వదులుగా చుట్టండి.

(ఊ) చీర ఉయ్యాల గురించి ఒక మాట. ఉయ్యాల ఊపితే బిడ్డ హాయిగా నిద్రపోతుంది. కానీ గుడ్డ ఉయ్యాలలో బిడ్డ వంగి, గడ్డం రొమ్ముకు ఆనుకుని ఊపిరి ఆడకపోవచ్చు. దగ్గర మనిషి ఉన్నప్పుడే ఊపండి. నిద్ర పట్టాక చాప మీదికి మార్చండి. రాత్రంతా ఉయ్యాలలో వదలకండి.

11.6 వదిలిపెట్టవలసిన అలవాట్లు

పెద్దలు చెప్పిన వాటిలో మంచివి చాలా ఉన్నాయి. జోలపాట, ఒడి, నూనెతో మెల్లగా ఒళ్లు రాయడం, బాలింతకు విశ్రాంతి ఇవన్నీ నిలుపుకోవలసినవే. హాని చేసేవి మాత్రం కొన్ని ఉన్నాయి.

స్నానం చేయించాక బిడ్డకు సాంబ్రాణి పొగ పడతారు. కట్టెల పొయ్యి ఉన్న గదిలోనే పడుకోబెడతారు. పొగ ఏదైనా బిడ్డ ఊపిరితిత్తులకు చేటే. మెడలో తాయెత్తు, నల్లతాడు కడతారు. అది నిద్రలో మెడకు బిగుసుకోవచ్చు. తప్పదనుకుంటే మొలకు కట్టండి.

నిద్ర కోసం తేనె, ఘుట్టీ, గ్రైప్ వాటర్, దగ్గు మందు వంటివి నాకించడం మరీ ప్రమాదం. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మరేదీ పట్టకూడదు. డాక్టరు రాసిన మందు మాత్రమే దీనికి మినహాయింపు. 1920వ దశకంలో బొంబాయి మిల్లుల్లో పనిచేసే తల్లులు బిడ్డలకు నల్లమందు గోలీలు పెట్టి పనికి వెళ్లేవారు. పేదరికం వారిచేత ఆ పని చేయించింది. కానీ మత్తులో పడుకున్న బిడ్డ ఆకలి తెలియక శుష్కించిపోయేది. మత్తు నిద్ర కాదు.

పాఠ్యగత ప్రశ్నలు 11.2
1. బిడ్డను ఏ భంగిమలో పడుకోబెట్టాలి?
2. బిడ్డ పక్కన ఎవరెవరు పడుకోకూడదు?
3. బిడ్డకు వెచ్చగా ఉందో లేదో ఎక్కడ తాకి చూడాలి?

11.7 నిద్రా? మగతా?

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. గీదంలో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. కోడలికి ఆసుపత్రిలో కాన్పు అయింది. ఇంటికి వచ్చారు. అత్తగారు విజయనగరం నుంచి కిరండూల్ రైల్లో వచ్చి బాలింతను చూసుకుంటోంది. బిడ్డ పుట్టి ఏడో రోజు. ఆ వాడ మితానిన్ ఇంటికి వచ్చింది. మితానిన్ అంటే ఛత్తీస్‌గఢీలో స్నేహితురాలు. ఆ రాష్ట్రంలో 2002 నుంచి గ్రామ ఆరోగ్య కార్యకర్తలను ఈ పేరుతోనే పిలుస్తున్నారు. మన ఆశా కార్యకర్తలాంటిదే ఆమె.

"అమ్మా, తెల్లవారినప్పటి నుంచి బాబు ఎన్నిసార్లు పాలు తాగాడు?" అని మితానిన్ హిందీలో అడిగింది.

"ఎక్కడ తాగాడమ్మా, నిద్రలోనే ఉన్నాడు. మా మనవడు ఏడుపే ఎరగడు. పడుకున్న పిల్లాణ్ణి లేపకూడదంటారు కదా" అంది అత్తగారు.

మితానిన్ కోడలి వైపు తిరిగింది. "నిన్న ఎలా తాగాడు?"

"నిన్న పొద్దున్న బాగానే తాగాడు దీదీ. రాత్రి నుంచి నోట్లో పెడితే రెండుసార్లు చప్పరించి వదిలేస్తున్నాడు."

మితానిన్ చుట్టిన గుడ్డ విప్పింది. అరికాలు వేలితో రుద్దింది. బాబు సగం కళ్లు తెరిచి, సన్నగా మూలిగి మళ్లీ కళ్లు మూశాడు. పొట్ట తాకితే చల్లగా ఉంది. ఆమె మరి ఆలస్యం చేయలేదు. బాబును తల్లి రొమ్ముకు ఆనించి పైన దుప్పటి కప్పించింది. వాహనం కోసం ఫోను చేయించింది. "ఇది నిద్ర కాదమ్మా, మగత. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి" అంది.

మితానిన్ గమనించిన విషయాలు మూడు. ఒకటి, నిన్నటిదాకా బాగా తాగిన బిడ్డ ఇవాళ తాగడం లేదు. రెండు, లేపితే పూర్తిగా మేలుకోవడం లేదు, ఏడుపులో బలం లేదు. మూడు, ఒళ్లు చల్లబడింది. ఇలాంటి మగతకు రక్తంలో చేరిన ఇన్‌ఫెక్షన్, తీవ్రమైన కామెర్లు, రక్తంలో చక్కెర తగ్గడం వంటి కారణాలు ఉంటాయి. వీటికి చికిత్స ఉంది. కానీ పసిబిడ్డలో జబ్బు గంటల్లో ముదురుతుంది. పెద్దవాళ్లలా "నాకు బాగాలేదు" అని బిడ్డ చెప్పలేదు. ఏడవడం మానేయడమే కొన్నిసార్లు అది చెప్పే మాట.

తొలి వారాల్లో, బిడ్డ పుట్టినప్పటి బరువుకు మళ్లీ చేరేదాకా, మూడు గంటలు దాటినా లేవకపోతే మీరే లేపండి. చుట్టిన గుడ్డ విప్పండి, బట్ట మార్చండి, అరికాళ్లు రుద్దండి, రొమ్ముకు ఆనించి మాట్లాడండి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కాసేపటికి మేలుకుని ఆత్రంగా తాగుతుంది. తొలి వారం చివరికి రోజుకు ఆరు సార్లకు పైగా మూత్రం పోస్తుంది. అలా జరుగుతుంటే బిడ్డ ఎంత పడుకున్నా దిగులు లేదు.

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి:
- పాలు తాగడం మానేయడం, లేదా బాగా తగ్గించడం
- లేపినా సరిగా లేవకపోవడం, ఒళ్లు వేలాడిపోవడం
- ఒళ్లు చల్లబడటం, లేదా జ్వరం (37.5 డిగ్రీల సెల్సియస్, అంతకు మించి)
- నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం
- ఫిట్స్ రావడం
- అరచేతులు, అరికాళ్లు పసుపు రంగుకు తిరగడం

108 లేదా 102 నంబరుకు ఫోను చేయండి. జబ్బుపడిన పసిబిడ్డకు ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స, ప్రయాణం ఉచితం. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ఈ హక్కు ఇచ్చింది. దారిలో బిడ్డను తల్లి రొమ్ముకు నేరుగా ఆనించి వెచ్చగా తీసుకువెళ్లండి.

11.8 పొరుగు జిల్లా నేర్పిన పాఠం

ఊళ్లో ఉండే, ఎక్కువ చదువుకోని స్త్రీ ఇంత పెద్ద విషయం గుర్తుపట్టగలదా? గుర్తుపట్టగలదని బస్తర్ ప్రాంతానికి ఆనుకుని ఉన్న మహారాష్ట్ర జిల్లా గడ్చిరోలి చూపించింది. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 39 గ్రామాల్లో స్త్రీలకు శిక్షణ ఇచ్చారు. ఏడుపు బలహీనపడటం, పాలు చీకడం తగ్గడం, మగతగా ఉండటం, ఒళ్లు చల్లబడటం వంటి గుర్తులను వారికి నేర్పారు. ఊపిరి లెక్కపెట్టడం, బరువు తూచడం, ఇంట్లోనే తొలి చికిత్స చేయడం కూడా నేర్పారు. మూడో సంవత్సరానికి ఆ గ్రామాల్లో నెలలోపు శిశువుల మరణాల రేటు, ఈ సేవ లేని గ్రామాలతో పోలిస్తే 62 శాతం తగ్గింది. ఈ ఫలితాలు 1999లో ప్రఖ్యాత వైద్య పత్రిక లాన్సెట్‌లో వెలువడ్డాయి. 2011లో దేశమంతటా మొదలైన ఇంటివద్ద నవజాత శిశు సంరక్షణ కార్యక్రమానికి ఈ అనుభవం ఆధారమయింది. అందుకే ఆసుపత్రి కాన్పు తరువాత ఆశా లేదా మితానిన్ 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో మీ ఇంటికి వస్తుంది. ఇంట్లోనే కాన్పు అయితే మొదటి రోజు కూడా వస్తుంది. ఆమె వచ్చినప్పుడు "బిడ్డ పడుకున్నాడు, తరువాత రండి" అనకండి. లేపి చూపించండి.

11.9 తల్లి నిద్ర

బిడ్డ నిద్రను కాపాడాలంటే తల్లికీ నిద్ర ఉండాలి. బిడ్డ పడుకున్నప్పుడు తల్లి కూడా నడుం వాల్చాలి. వంట, నీళ్లు, బట్టలు ఇంట్లో మిగతావారు చూసుకోవాలి. తేన్పు తెప్పించడం, బట్ట మార్చడం, ఎత్తుకు తిప్పడం తండ్రి చేయగల పనులే. బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టక, దుఃఖం, నిరాశ రెండు వారాలకు పైగా ఉంటే డాక్టరుకు చూపించాలి. చనిపోవాలని గానీ, బిడ్డకు హాని చేయాలని గానీ తలపు వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు, ఆమెను ఒంటరిగా వదలవద్దు. 2022లో మొదలైన టెలి మానస్ ఉచిత సేవకు 14416 నంబరులో ఫోను చేసి తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

కృత్యం

మీ ఇంట్లోనో, పొరుగింట్లోనో నెలలోపు బిడ్డ ఉంటే ఒక రోజంతా పట్టిక రాయండి. బిడ్డ ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది, ఎన్నిసార్లు పాలు తాగింది, ఎన్నిసార్లు మూత్రం పోసింది నమోదు చేయండి. నిద్ర గంటలు కూడి 11.3 భాగంతో పోల్చండి. పట్టికను ఆశా కార్యకర్తకు చూపించండి.

మీరు నేర్చుకున్నవి
- పసిబిడ్డ నిద్ర ముక్కలు ముక్కలుగా ఉంటుంది. రాత్రి లేవడం ఆరోగ్య లక్షణమే.
- వెల్లకిలా, గట్టి పడక మీద, దోమతెరలో, తల్లి దగ్గర, పొగకూ మత్తుకూ దూరంగా పడుకోబెట్టాలి.
- నిద్ర గంటల కన్నా ముఖ్యం, లేపితే లేచి పాలు తాగుతోందా అన్నది. లేవని బిడ్డ బుద్ధిమంతుడు కాదు, జబ్బుపడిన బిడ్డ కావచ్చు.

పాఠాంత ప్రశ్నలు
1. పసిబిడ్డ నిద్రలో కనిపించే రెండు దశలను వర్ణించండి.
2. "పడుకున్న బిడ్డను లేపకూడదు" అనే మాట తొలి వారాల్లో ఎందుకు పనికిరాదు?
3. మీ ఊళ్లో బిడ్డ నిద్రకు సంబంధించిన అలవాట్లు నాలుగు రాసి, ఏవి నిలుపుకోవాలో, ఏవి మానాలో కారణాలతో చెప్పండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు
11.1: 1. 14, 17. 2. పొట్ట చిన్నది కావడం వల్ల తరచుగా ఆకలి వేయడం. రాత్రి పగలు తేడా ఇంకా తెలియకపోవడం. 3. తప్పు.
11.2: 1. వెల్లకిలా. 2. మద్యం తాగినవారు, పొగతాగేవారు, పెద్ద పిల్లలు. 3. పొట్ట, మెడ.